తిప్పుడాయన పదిహేను నిమిషాలు

బస్సు ఆగిపోయిన చోట ఆగడానికి తగిన కారణం ఒక్కటీ లేదు. అటు చెట్టు లేదు, ఇటు కొట్టు లేదు. రోడ్డు మాత్రం ముందుకీ వెనక్కీ కావలసినంత ఉంది. డ్రైవరు బానెట్ ఎత్తగానే తెల్లటి ఆవిరి బుసకొట్టుకుంటూ లేచింది. ఆయన చేతికి చుట్టుకున్న గుడ్డతో సహా వెనక్కి గెంతాడు. కండక్టరు మెట్టు మీద నిలబడి లోపలికి తల పెట్టాడు.

"రేడియేటరు ఎండిపోయింది. కాస్త చల్లారాక ఆరున్నర లీటర్లు పోస్తే కదులుతుంది. ఎవరి దగ్గర నీళ్ళున్నాయో కొంచెం సాయం పట్టండి బాబూ."

ఆ మాట అనగానే ఇరవై ఎనిమిది మందికీ కిటికీ బయట ఏదో అద్భుతం కనబడింది. అందరూ అటే చూస్తున్నారు. బయట మట్టి తప్ప ఏమీ లేదు.

కిటికీ పక్క సీట్లో కూర్చున్న అమ్మాయి మాత్రం ఒళ్ళోని పుస్తకంలోకి చూసింది. యూనివర్సిటీలో చేరి నాలుగు నెలలైంది. రాజనీతిశాస్త్రం, అర్థశాస్త్రం, తత్వశాస్త్రం మూడూ కలిపి చదివే కోర్సు. మొదటి ఏడాది పిల్లల కోసం రాసిన పుస్తకం అది. అందరిదీ అయినదాన్ని ఎవరు కాపాడతారన్నది రెండో పాఠం. పుస్తకం రాసినాయన పచ్చికబయలునీ, గొడ్లనీ ఉదాహరణగా తెచ్చాడు. ఇలాంటి పుస్తకాల్లో పచ్చికబయళ్ళు ఎప్పుడూ విశాలంగానే ఉంటాయి, ఆవులు ఎప్పుడూ ఆబగానే ఉంటాయి, ఆవుల వాళ్ళకి మాత్రం ఒకరితో ఒకరు మాట్లాడుకునే అలవాటు ఉండదు. అమ్మాయి ఆ పాఠం రెండుసార్లు చదివింది. పరీక్షలో అడిగితే గడగడా అప్పజెబుతుంది. అయినా ఆమె కాలు మెల్లగా కదిలి, సీటు కింద సంచిలో ఉన్న నిండు సీసాని ఇంకొంచెం లోపలికి నెట్టింది. ఒళ్ళో అడుగున రెండు గుక్కలున్న ఇంకో సీసా ఉంది. అది అందరికీ కనబడేలా పైకి పెట్టుకుంది.

గడియారం రెండూ నలభై. ఐదింటికల్లా ఇంటి దగ్గర ఉండాలి. నాన్న పొద్దుటినుంచి మూడుసార్లు ఫోన్ చేశాడు.

పక్క సీట్లో ఉన్న పెద్దాయన లేచాడు. అరవై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా, భుజాలు మాత్రం ఎవరివో తెచ్చి తగిలించుకున్నట్టు వెడల్పుగా ఉన్నాయి. మోకాళ్ళ మధ్య గోనెగుడ్డలో చుట్టిన నిలువెత్తు ఇనుప కమ్మీ ఒకటి పెట్టుకు కూర్చున్నాడు. ఎక్కేటప్పుడే కండక్టరు ఆటపట్టించాడు, "దీనికి ఫుల్ టికెట్టా, హాఫ్ టికెట్టా పెద్దాయనా?" అని. "నాకంటే పొడుగ్గా ఉంది, దానికి ఫుల్ కొట్టి నాకు హాఫ్ కొట్టు," అని ఆయన ముఖం మార్చకుండా జవాబు చెప్పాడు.

ఇప్పుడు ఆ కమ్మీని సీటుకి ఆనించి, సంచిలోంచి స్టీలు గ్లాసు తీశాడు.

"డ్రైవరూ, బకెట్ ఉందా? ఇలా తే," అని బస్సంతటికీ వినబడేలా అన్నాడు. "తలా ఒక గ్లాసు. ఒక్కటే. ఎక్కువ ఇస్తానన్నా పుచ్చుకోను. చంటిపిల్లలున్న ఇద్దరినీ అడగను. మొదటి గ్లాసు నాది, చూసుకోండి."

తన సీసాలోంచి గ్లాసు నిండా పోసి, అందరూ చూస్తుండగా బకెట్లో వంపాడు. తర్వాత ముందు సీటు నుంచి మొదలుపెట్టాడు. మొదటివాళ్ళు మొహమాటానికి పోశారు. తర్వాతివాళ్ళు ముందువాళ్ళు పోశారని పోశారు. నాలుగో వరసలో ఒక బొద్దు మనిషి రెండు చేతులూ ఊపాడు.

"నా దగ్గర లేవండీ."

"లేకపోతే పోనీయండి. మీ వంతు కూడా నేనే పోస్తాను. ఆ చంకలో మూత కనబడుతోంది, అది జారి పడకుండా చూసుకోండి, అంతే."

బస్సు గొల్లుమంది. బొద్దుమనిషి ముఖం కందగడ్డ చేసుకుని సీసా బయటికి లాగాడు.

అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి ఆమె ఒళ్ళోని సీసా ఎత్తి చూపించింది. ఆయన దాన్ని చూశాడు. సీటు కిందికి చూశాడు. ఆమె ముఖంలోకి చూశాడు.

"సరే తల్లీ," అని వెనక సీటుకి వెళ్ళిపోయాడు.

తిట్టినా బావుండేది. ఆయన మూడు వరసలు దాటేదాకా అమ్మాయి పుస్తకంలో ఒకే వాక్యం మీద ఆగిపోయింది. ఆఖరికి వంగి, నిండు సీసా తీసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా బకెట్ దగ్గరికి నడిచి సగం వంపేసింది. "గ్లాసే," అన్నాడాయన వెనకనుంచి. "లెక్క లెక్కే. మిగతాది నువ్వు తాగు. నీ పెదవులు ఎండిపోయాయి." వంపిన నీళ్ళలోంచి ఒక గ్లాసు ముంచి, ఆమె సీసాలోకి తిరిగి పోశాడు కూడా.

మూడూ పదికి బస్సు కదిలింది. కదలడమంటే కదలడమే, పరిగెత్తమని దాన్ని అడిగే ధైర్యం డ్రైవరుకి కూడా లేదు. సైకిలు వాళ్ళు కూడా బస్సుని దాటిపోతున్నారు.

"ఏం చదువుతున్నావమ్మా?"

అమ్మాయి చెప్పింది.

"మూడూ కలిపా!" పెద్దాయన కళ్ళు పెద్దవయ్యాయి. "ఒక్కోటి విడివిడిగా చదివినవాళ్ళే తిన్నగా లేరు కదమ్మా."

అమ్మాయికి నవ్వొచ్చింది. సీసా సంగతి కాస్త తేలికైంది. "మీ చేతిలో అదేంటి తాతా?" అని అడిగింది.

ఆయన గోనె అంచు పక్కకి తొలగించాడు. పైన అడ్డంగా రెండు చేతులు పట్టే పిడి, కింద నాలుగు పలకల గూడు. పిడి రెండు కొసలూ అరిగి వెండిలా మెరుస్తున్నాయి.

"వాల్వు తిప్పేది. నీళ్ళు వదిలే పని నాది. ట్యాంకు దగ్గర గుంటలో రెండు వాల్వులుంటాయి. ఒకటి ఎగువ వీధికి, ఒకటి దిగువ వీధికి. దీన్ని దింపి పద్నాలుగు చుట్లు తిప్పితే నీళ్ళు. పద్నాలుగు చుట్లు వెనక్కి తిప్పితే తగాదా. ఊళ్ళో నన్నెవరూ పేరుపెట్టి పిలవరు. తిప్పుడాయన అంటారు."

అమ్మాయి చేతిలోని పుస్తకం తనంతట తనే మూసుకుంది.

ఆమె వెళుతున్నది ఆ ఊరికే. ఎగువ వీధి చివరి మలుపులో ఉన్న ఇల్లు వాళ్ళది. నాన్నది అచ్చాఫీసు. మూడేళ్ళ కిందట ఈ ఊరికి మార్చాడు. ఆమె అప్పటినుంచీ హాస్టళ్ళలోనే ఉండడం వల్ల తిప్పుడాయన అన్న మాట ఫోన్లో వినడమే తప్ప మనిషిని ఎరగదు. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అదే గొడవ. "కొళాయి బుస్సుమంటుందే, చుక్క రాదు. మనదీ, మన పక్క ఇరవై ఇళ్ళదీ ఇదే గతి. ఆ తిప్పుడాయన చేతులు పడిపోనూ." నాన్న ఊరుకునే రకం కాదు. వీధి సంఘం పెట్టాడు, సెక్రటరీ అయ్యాడు, ఓటు పెట్టించాడు. ఓటు చీటీలు గులాబీరంగు కాగితం మీద తనే అచ్చువేశాడు. ఎగువన మూడు వందల ఆరు ఇళ్ళు, దిగువన నలభై ఒకటి. దిగువ వీధికి ఇకమీదట మూడు రోజులకోసారి నీళ్ళు, అవునా కాదా? నిన్న లెక్కపెట్టారు. అవును మూడు వందల ఆరు. కాదు నలభై ఒకటి. ఇంట్లో ఎవరికి ఏ కూర ఇష్టమో కూడా ఇంత కచ్చితంగా చెప్పలేం.

ఇవాళ ఐదింటికి ట్యాంకు దగ్గర మీటింగు. తిప్పుడాయన కమ్మీని సంఘానికి అప్పగించాలి. తీర్మానం చదవాల్సింది ఈ అమ్మాయి. "మా అమ్మాయి మెజారిటీ గురించే చదువుతోంది, అది చెబితే ఎవడూ నోరెత్తడు," అని నాన్న అందరికీ చెప్పుకున్నాడు. ఐదింటికి కమ్మీ రాకపోతే గుంట మీది తాళం సుత్తితో పగలగొడతారు. ఆ సంగతి ఆమెకి తెలుసు. తను ఎవరి కూతురో పక్కన కూర్చున్నాయనకి తెలియదనుకుంది.

"దాన్ని తీసుకుని ఎక్కడికెళ్ళారు?" అంది.

"జిల్లా ఆఫీసుకి. నీళ్ళ శాఖ ఆయనతో ఒక ముక్క చెప్పుకుందామని. ఇంటి దగ్గర పెట్టి వెళితే లాక్కుపోతారేమో అని వెంట తెచ్చాను. గంటన్నర నిలబెట్టి, అసలు మాట వినకుండానే 'ఓటేశారుగా, ఇచ్చేయ్, ఇచ్చినట్టు సంతకం పెట్టించుకో' అన్నాడు."

"అసలు మాట ఏంటి?"

ఇలాంటి మనుషులు మాటని కూడా వాల్వులాగే తిప్పుతారు. చుట్టు తర్వాత చుట్టు, ఎక్కడ పగులుతుందో వింటూ.

"ఉద్యోగంలో చేరిన కొత్తలో దిగువ వీధిలో ఉండేవాణ్ణి. 'మీ ఆవిడ బిందె నిండేదాకా మాకు వదలవు' అని ఎగువవాళ్ళు సాధించేవాళ్ళు. ఒట్టు, నేనలా చెయ్యలేదు. కానీ చెయ్యలేదని నాకు మాత్రం ఎలా తెలుస్తుంది? అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏడాది మొదట్లో ఏ వీధికి ఎంతసేపో పంపు గది గోడ మీద సుద్దతో రాసేవాణ్ణి. రాసిన తర్వాత ఇదిగో, ఈ గ్లాసులోనే రెండు చీటీలు వేసి మా ఆవిడ చేత తీయించేవాణ్ణి. ఎగువ వస్తే ఎగువన గది అద్దెకి తీసుకోవడం. దిగువ వస్తే దిగువన. ఆ ఏడాదంతా నేను రాసిన నీళ్ళే నేను తాగాలి."

"ప్రతి ఏడాదీ ఇల్లు మారేవారా?"

"చీటీ మారితే మారేవాళ్ళం. ఇరవై మూడేళ్ళలో పద్నాలుగు సార్లు. మా ఆవిడ ఏ ఇంట్లోనూ గోడకి మేకు కొట్టలేదు. మేకు కొడితే మనసు పడిపోతుందట. అద్దం కిటికీలో ఆనించి జడ వేసుకునేది. 'నీతో కాపురం చేశానా, ఆ చీటీలతో చేశానా' అని పోట్లాడేది."

అమ్మాయికి పుస్తకం గుర్తొచ్చింది. ఆరో పాఠం. నువ్వు ఏ ఇంట్లో పుడతావో, ఎంత బలంతో పుడతావో తెలియక ముందే లోకానికి నియమాలు రాయమంటే ఎలా రాస్తావు? ఊహించుకో, అంటుంది పుస్తకం. న్యాయానికి ఒక సొంత ఉదాహరణ రాసుకు రమ్మని మేడమ్ చెప్పి రెండు వారాలైంది. అమ్మాయి ఆ పాఠం సంగతి ఆయనకి చెప్పింది.

పెద్దాయన శ్రద్ధగా విన్నాడు. "బానే ఉంది. కానీ ఊహించుకోవడం దేనికమ్మా? సామాను సర్దుకుంటే పోదూ?"

బస్సు ఒక గుంతలో పడి లేచింది. అమ్మాయి ఫోను మోగింది. నాన్న. మూడూ యాభై. "వస్తున్నా నాన్నా... బస్సు పాడైంది... వస్తున్నా." పెట్టేసింది. పక్కనే గోనె ముడి బిగిస్తున్న చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ బిగించాయి.

"మూడేళ్ళ కిందట ఎగువ చీటీ వచ్చింది," అన్నాడాయన. "ఎగువన గది మాట్లాడి ఇంటికొచ్చి చూస్తే మా ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది. మోకాళ్ళు రెండూ వాచిపోయాయి. ఎదురుగా గోడకి మేకు. మేకుకి అద్దం. ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. ఆ ఏడు దిగువనే ఉండిపోయాను. తర్వాత రెండేళ్ళూ చీటీలు వెయ్యనేలేదు. పాతవాళ్ళు సగం మంది పోయారు, కొత్తవాళ్ళకి ఈ చీటీల గొడవే తెలియదు. అడిగేదెవరు?"

"ఏమైంది మరి? ఇంటి అద్దెకీ నీళ్ళకీ ఏంటి సంబంధం?"

"చెప్తున్నా కదా. దిగువకి ఇరవై ఐదు నిమిషాలు. గోడ మీద నేను రాసింది అదీ. దిగువ వాల్వు విప్పాక గుంట నుంచి పంపు గదికి వెళ్ళి రావాలి, రెండుసార్లు. సరిగ్గా ఇరవై ఐదు. నా గడియారం నా కాళ్ళే. ఈ మూడేళ్ళు ఇల్లు గుంటకి దగ్గర. ఆవిడ పొద్దున్నే ఒక్కతే కూర్చుంటోంది కదా అని రెండో తిరుగుడులో ఇంట్లోకి దూరేవాణ్ణి. ఒక టీ. నాలుగు మాటలు." ఆయన గ్లాసు వైపు చూశాడు. "పోయినవారం ఎగువవాళ్ళు మీదికొస్తే, వీళ్ళ నోళ్ళు మూయిద్దామని అల్లుడి గడియారం అడిగి కట్టుకున్నాను. నా నోరే మూతపడింది. నలభై నిమిషాలమ్మా. ట్యాంకు ఈ ఏడు సగమే నిండుతోంది. పల్లానికి పదిహేను నిమిషాలు ఎక్కువ పోతే, ఎగువన చివరి ఇరవై ఇళ్ళకి గాలే."

అమ్మాయి కిటికీ చువ్వ పట్టుకుంది. బుస్సుమంటుందే, చుక్క రాదు. మూడేళ్ళు. అమ్మ నడుము పట్టుకుపోయి మంచం ఎక్కిన రోజులు. టీ తాగి వచ్చాడట.

"ఆ చివరి ఇరవై ఇళ్ళవాళ్ళు ఏం పాపం చేశారు?" కసిరినట్టే అంది.

"ఏమీ చెయ్యలేదు."

"మరి మీటింగులో ఒప్పేసుకోవచ్చుగా?"

"ఒప్పుకుంటే ఏమవుతుందో చెప్పు. మూడు ముక్కలూ చదువుతున్నావుగా." వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నాడు. "'చూశారా, దొంగతనం' అంటారు. నిజమే. దొంగని నేను, శిక్ష నలభై ఒక్క ఇళ్ళకి. మూడు రోజులకోసారి నీళ్ళు. నిలవ పెట్టుకోడానికి బిందెలే తప్ప తొట్లు లేని ఇళ్ళు. అక్కడ మంచం పట్టినవాళ్ళూ ఉన్నారు, పురిటిపిల్లా ఉంది. పోనీ కమ్మీ ఇవ్వననుకో. మూడు వందల ఆరు ఇళ్ళ మాట ఒక్కణ్ణి కాదన్నట్టు. కాదనడానికి నేనెవణ్ణి? వాళ్ళు నీళ్ళు వదలమన్నారు గానీ ఏలమనలేదు."

మెజారిటీ మాట చెల్లాలి, తక్కువమందిని తొక్కకూడదు. ఒకే పాఠంలో రెండూ ఉన్నాయి. మధ్యలో 'అయితే' అన్న ఒక్క మాట మాత్రం ఉంది. పుస్తకాల్లో ఆ 'అయితే' దాటడానికి అరక్షణం పడుతుంది. ఊళ్ళల్లో తరాలు పడతాయి, కొన్నిచోట్ల నెత్తురూ పడుతుంది.

ఊరి పొలిమేర కనబడింది. నాలుగూ యాభై ఐదు. ఆమె పుస్తకం సంచిలో పెట్టబోతే, పేజీల మధ్యనుంచి గుర్తు కాగితం జారి ఆయన కాళ్ళ దగ్గర పడింది. గులాబీరంగు. ఎక్కువగా అచ్చేసిన చీటీలు కొన్ని నాన్న పార్సిల్లో పెట్టి పంపాడు, పుస్తకంలో పెట్టుకోమని.

ఆయన వంగి తీశాడు. ముందూ వెనకా తిప్పి చూసి అందించాడు.

"మీ నాన్న అచ్చు పొందిగ్గా వేస్తాడు. ఒక్క అక్షరం వంకర పోదు."

"మీకు... ఎప్పటినుంచి తెలుసు?"

"బస్సెక్కి పుస్తకం తెరిస్తే ఈ చీటీ కనబడింది చూడు, అప్పటినుంచి."

"మరి ఇదంతా నాకెందుకు చెప్పారు?"

"ఆఫీసరు వినలేదు కదమ్మా. ఎవరో ఒకరికి చెప్పాలి. ఆ పదిహేను నిమిషాలు ఎవరివో వాళ్ళకే చెబితే మేలు కదా." లేచి కమ్మీ భుజానికెత్తుకున్నాడు. ఒక్క అడుగు వేసి ఆగాడు. "ఆ చీటీలన్నీ పెట్టెలోనే ఉన్నాయా? పారేశారా?"

"పెట్టెలోనే ఉన్నాయి. మీటింగులో చూపిస్తానన్నాడు నాన్న."

"ఊఁ," అన్నాడు.

బస్సు దిగుతుంటేనే సుత్తి దెబ్బ వినిపించింది. ఒకటి. ట్యాంకు కింద వాలులో జనం. ఎగువ వీధివాళ్ళు గట్టు మీద గుంపుగా, దిగువవాళ్ళు కింద ఖాళీ బిందెలు ముందు పెట్టుకుని. ఆ బిందెలు మాట్లాడడానికి వచ్చినట్టు వరసగా ఉన్నాయి. గుంట మూత మీద ఒక మనిషి రెండోసారి సుత్తి ఎత్తాడు.

"ఆగండి!" అమ్మాయి అరిచింది. పరుగెత్తింది. పెద్దాయన భుజం మీది కమ్మీ వెనక కొస ఎప్పుడు పట్టుకుందో ఆమెకే తెలియదు; ఇద్దరూ దాన్ని మోసుకుంటూ వాలు దిగారు.

నాన్న ముఖం కూతుర్ని చూసి వెలిగి, కమ్మీని చూసి ముడుచుకుపోయింది. "నువ్వెందుకు పట్టుకున్నావే దాన్ని?"

"బరువుగా ఉంది నాన్నా."

"సరే, ఇలా రా. చదువు." కాగితం చేతిలో పెట్టాడు. తెల్లని దళసరి కాగితం, నల్లగా నిగనిగలాడే అక్షరాలు.

ఆమె చదవడం మొదలుపెట్టింది. మూడు వందల ఆరు దాకా వచ్చి ఆగింది. కింద వరసలో ఒకావిడ చంకలో గుడ్డల మూట కదిలి కేర్‌మంది. పురిటిపిల్ల అంటే అదే కాబోలు.

"ఆ కాగితం తర్వాత చదువుదువుగాని తల్లీ," అన్నాడు తిప్పుడాయన. కమ్మీని నేల మీద నిలబెట్టి, పిడి మీద చేతులు వేసి, గట్టు మీదికి చూశాడు. "ముందు నేనొకటి చెప్పాలి. దిగువకి ఇరవై ఐదు నిమిషాలని గోడ మీద రాసి మూడేళ్ళనుంచి నలభై వదులుతున్నాను. కావాలని కాదు. అయినా నా తప్పే. చివరి ఇరవై ఇళ్ళవాళ్ళు నన్ను ఏమన్నా పడతాను."

గట్టు విరుచుకుపడింది. "విన్నారా!" "మూడేళ్ళు మింగారు!" "వాడి చేతిలోంచి లాక్కోండి!" నలుగురు ముందుకి ఉరికారు. కింద బిందెలు దొర్లాయి. దిగువవాళ్ళు కూడా ఆయనవైపే చూస్తున్నారు. కొంపముంచాడన్నట్టు.

"నేనే ఇస్తున్నాను, లాక్కోనక్కర్లేదు," అని కమ్మీని నాన్న చేతుల్లో పెట్టేశాడాయన. నాన్న ఆ బరువుకి ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఓటు ఓటే సెక్రటరీ గారూ. కాదనను. నలభై ఒక్క ఇళ్ళకి మూడు రోజులకోసారి. మీరన్నట్టే కానివ్వండి. ఏ నలభై ఒక్క ఇళ్ళో మాత్రం ఈ పెట్టెని చెప్పమందాం."

"ఏంటయ్యా నువ్వనేది?"

"ఇందులో మూడు వందల ఆరు అవునులూ, నలభై ఒక్క కాదులూ ఉన్నాయి. మీరు అచ్చేసినవే. ఇంటికొకటి కళ్ళు మూసుకుని తీయండి. 'అవును' వచ్చినవాళ్ళు ఎగువన. 'కాదు' వచ్చినవాళ్ళు దిగువన."

"పైపులు అలా పంచుతాయా? ఇళ్ళెక్కడున్నాయో అక్కడే కదా ఉంటాయి!"

"ఇళ్ళుంటాయి. మనుషులం మారదాం. సామాను సర్దుకోవడం పెద్ద పనేం కాదు, నేను పద్నాలుగు సార్లు మారాను." ఆయన గొంతు ఏమాత్రం పెరగలేదు. "మూడు రోజులకోసారి సరిపోతుందనేగా ఓటేశారు. సరిపోయేదైతే భయమెందుకు?"

ఎవరో నవ్వబోయి మానుకున్నారు. సుత్తి పట్టుకున్నతను సుత్తి కింద పెట్టాడు. జనం పెట్టెవైపు చూశారు. అచ్చాఫీసు అట్టపెట్టె, పైన చీలిక. ముందుకి వచ్చినవాళ్ళు లేరు.

అమ్మాయి వచ్చింది. "మనింటి చీటీ నేను తీస్తాను నాన్నా," అని మూత లేపి చెయ్యి పెట్టింది. గులాబీ కాగితాలు గలగలమన్నాయి. వేళ్ళకి ఒకటి తగిలింది. పట్టుకుంది.

నాన్న కమ్మీ వదిలేసి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. కమ్మీ గుంట మూత మీద పడి ఖంగుమంది.

"వద్దు."

"ఎందుకు నాన్నా? మూడు వందల ఆరు మంచివే ఉన్నాయిగా."

"నలభై ఒకటి ఉన్నాయి కదే!"

ఆ మాట ఆయన నోటినుంచి వచ్చాక ఆయనే విన్నాడు. పట్టు వదల్లేదు, బిగించనూ లేదు. ముందు వరసలో ఉన్న అమ్మ, మూడేళ్ళుగా నీళ్ళు మోసిన అమ్మ, కొంగుతో ముఖం తుడుచుకుని అంది: "చీటీలూ వద్దు, పాడూ వద్దు. ఆయన చేసింది తప్పే. ఆ పదిహేను నిమిషాలు మాకు పడేయండి చాలు. వాళ్ళ ఇరవై ఐదూ వాళ్ళకి రోజూ ఉండనీయండి. గడియారం ఒకటి ఇక్కడ కట్టండి. ఇంకెవరి కాళ్ళనీ నమ్మక్కర్లేదు."

"ఇరవై ఐదెందుకు, ఇరవై చాలదూ?" అని గట్టు మీదనుంచి ఒకరు.

"ట్యాంకు సగమే నిండుతుంటే రెండు వీధులకీ తగ్గాలి, మాకొక్కళ్ళకేనా?" అని కిందనుంచి పిల్లతల్లి.

"ఇరవై రెండు!"

"ఇదేమన్నా సంతా? ఉండండి!" నాన్న కూతురి చెయ్యి వదిలేసి, మోకాళ్ళ మీద కూర్చుని, తీర్మానం కాగితం వెనక్కి తిప్పి కలం తీశాడు. "ఒక్కొక్కళ్ళు చెప్పండి. ట్యాంకులో లోతెంత? ఎవరికైనా తెలుసా? పెద్దాయనా, నువ్వు చెప్పు..."

అమ్మాయి తల ఎత్తింది. తిప్పుడాయన నిలబడ్డ చోట ఆయన లేడు. కమ్మీ మూత మీద అడ్డంగా పడి ఉంది. దిగువ వీధివైపు చూసింది, ఆయన ఇల్లున్న వైపు. అటూ లేడు. ఆయన ఎగువకి వెళుతున్నాడు. గోనెగుడ్డ మడిచి భుజాన వేసుకుని, వాలు ఎక్కి, వీధి చివరి మలుపు దగ్గర ఒక ఇంటి గోడ మీద అద్దెకి అని రాసి ఉన్న బోర్డు ముందు ఆగాడు. చదివాడు. గుమ్మంలో మెట్లెన్నో వేలితో లెక్కపెట్టాడు. మోకాళ్ళ నొప్పుల మనిషికి మెట్లు ముఖ్యం. రెండే ఉన్నట్టున్నాయి.

"తాతా!" అని పిలిచింది.

ఆయన తలుపు తట్టాడు. తలుపు తెరుచుకుంది. వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు.